లెప్తొన్: విధవరాలి కాసు, శాస్త్రజ్ఞుల కణము

కొన్ని సంవత్సరముల క్రితము గుంటూరు జిల్లాలోని ఒక గ్రామ సంఘములో మార్కు 12:41-44 మీద వాక్యము చెప్పి, ఆరాధన ముగిసిన తరువాత మందిరపు వాకిట నిలిచియుంటిమి. కూలిపని చేసికొని బ్రతుకు ఒక విధవరాలు అందరు వెళ్లువరకు ఆగి మమ్మును అడిగినది: "అయ్యగారూ, ఆ తల్లి రెండు కాసులు వేసిందన్నారు గదా. కాసంటే ఎనిమిది గ్రాములు. పదహారు గ్రాముల బంగారం ఉన్న మనిషి బీదరాలెట్టా అవుద్దండీ?"

మాకు మొదట నవ్వు వచ్చినది. ఆమె నవ్వలేదు. కోస్తా జిల్లాలలో కాసు అనగా నేడు బంగారము తూకము. పెండ్లి మాటలలోను, తాకట్టు దుకాణములోను వినబడు మాట అది. ఆమె తన భాషలో తాను విన్నదానిని సరిగానే లెక్కవేసినది. తప్పు లెక్కలో లేదు, మా ప్రసంగములోనే ఉన్నది.

ఇంచుమించు ఆ దినములలోనే మరియొక సంగతి జరిగినది. ఒక వేదాంత కళాశాలలో ప్రసంగ అభ్యాసమునకు పరిశీలకులుగా మమ్మును పిలిచినారు. ఇదే వాక్యభాగము మీద మాటలాడుచు ఒక విద్యార్థి, "నేటి భౌతిక శాస్త్రజ్ఞులు ఈ విశ్వమునకు ఆధారమైన కణమునకు ఆ విధవరాలి నాణెము పేరే పెట్టినారు" అని చెప్పినాడు. తరగతిలో చాలమంది ఆమేన్ అన్నారు. నిజము చెప్పవలెనంటే మేమును అనబోయి ఆగితిమి. ఆ తరువాత ఇదే ఉదాహరణ వేరు ప్రసంగీకుల నోట కూడ వింటిమి.

స్త్రీ అడిగిన ప్రశ్న, విద్యార్థి చెప్పిన ఉదాహరణ, రెండును ఒకే గ్రీకు మాటను గూర్చినవి. ఆ మాట లెప్తొన్. నాణెమైనప్పుడు దానిని గ్రీకు ఉచ్చారణలో లెప్తొన్ అనియు, కణమైనప్పుడు మన సైన్సు పుస్తకములలో వ్రాయునట్లు లెప్టాన్ అనియు ఈ వ్యాసములో వ్రాయుచున్నాము. మూలములో అక్షరములు ఒకటే.

మాట పుట్టుక

లెప్తొస్ అనునది గ్రీకులో విశేషణము. పలుచనిది, సన్ననిది, నలిగి పొడియైనది, సున్నితమైనది అని దాని అర్థములు. దీని వెనుక లెపో అను క్రియ ఉన్నది. దానికి పొట్టు తీయుట, తోలు ఒలుచుట అని అర్థము. పొట్టు తీసిన గింజ పలుచన గదా. ఈ కుటుంబమునకు చెందిన మాటలు మనము ఎరిగినవే. అపొస్తలుల కార్యములు 9:18లో సౌలు కన్నులనుండి పొరలవంటివి రాలినప్పుడు అక్కడ గ్రీకులో ఉన్న మాట లెపిదెస్. కుష్ఠమునకు వాడు లెప్ర కూడ పొలుసులు లేచు చర్మమునుబట్టి ఇదే క్రియనుండి వచ్చినది.

పాత నిబంధన గ్రీకు అనువాదమైన సెప్టువజింటులో ఈ విశేషణము కనబడు చోట్లు చూడదగినవి. ఆదికాండము 41వ అధ్యాయములో ఫరో కలలోని చిక్కిన ఆవులు లెప్తొస్, ఎండిన వెన్నులు లెప్తొస్. నిర్గమకాండము 16:14లో మంచు ఆరిన తరువాత అరణ్యపు నేలమీద కనబడిన మన్నా లెప్తొస్. ఇక హోరేబు కొండమీద గాలి, భూకంపము, అగ్ని దాటిపోయిన తరువాత ఏలీయా వినినది కూడ, సెప్టువజింటు మాటలలో, లెప్తొస్ అయిన చిరుగాలి శబ్దము. అది 1 రాజులు 19:12. కరవు ఆవును, పరలోకపు ఆహారమును, దేవుని మెల్లని స్వరమును ఒకే విశేషణము మోయుచున్నది. కాబట్టి లెప్తొస్ అను మాట దానంతట అది పొగడ్త కాదు, నింద కాదు. సన్నదనమును చెప్పును, అంతే. మంచి చెడ్డలు వాక్యమునుబట్టి తెలియును.

ఈ విశేషణము నపుంసక లింగములో లెప్తొన్. "సన్నని నాణెము" అనుటకు బదులు వాడుకలో "సన్ననిది" అన్నారు. చిన్న నాణెములను మనము చిల్లర అన్నట్లే ఇదియు. లాటిను వుల్గాత అనువాదము మార్కు 12:42లో మినూత అని వ్రాసినది, దానికి కూడ "చిన్నవి" అనియే అర్థము. ఇంగ్లీషులో నిమిషమునకున్న మినిట్ అను పేరు ఆ లాటిను కుటుంబము నుండియే వచ్చినది. ఆధునిక గ్రీకు భాషలో సహితము నిమిషమును లెప్తో అందురు. గ్రీసు దేశములో ద్రాఖ్మా నాణెము చెల్లుచున్న కాలములో దానిలో నూరవ వంతు లెప్తొన్. 2002లో యూరో నాణెములు వచ్చిన తరువాత గ్రీసులో ముద్రించిన సెంట్ల మీద నేటికిని లెప్తా అనియే ఉండును. ఎథెన్సులో కాఫీ కొన్నవాడు తిరిగి తీసికొను చిల్లరకు మార్కు సువార్తలోని పేరే ఉన్నది.

కణమునకు ఆ పేరు ఎట్లు వచ్చినది?

విశ్వములోని పదార్థమును విడదీయుచు పోగా, ఇక లోపల భాగములు కనబడని కణములను మూలకణములు అందురు. వాటిలో ఒక గుంపునకు లెప్టాన్లు అను పేరును 1948లో లియోన్ రోసెన్‌ఫెల్డ్ అను బెల్జియము దేశపు భౌతిక శాస్త్రజ్ఞుడు వాడినాడు. ఈ పేరును సూచించినది డెన్మార్కు దేశస్థుడైన క్రిస్టియన్ మోలర్ అని ఆయనే వ్రాసినాడు. పేరునకు కారణము కూడ ఆయన చెప్పినాడు. పరమాణు కేంద్రకములోని కణములకు న్యూక్లియాన్లు అను పేరు అప్పటికే ఉన్నది. దానికి జోడుగా, తక్కువ ద్రవ్యరాశి గల కణములకు లెప్తొస్ అను విశేషణము నుండి ఈ పేరు తీసినారు. నాణెము ప్రస్తావన లేదు, విధవరాలి ప్రస్తావన లేదు. నాణెమును కణమును ఒకే తల్లి పిల్లలు గాని, ఒకరికి పుట్టినవారు ఒకరు కారు. విద్యార్థి చెప్పినది ఆ మేరకు పొరపాటు.

అంతకంటె గమనింపదగినది ఆ పేరునకు తరువాత జరిగినది. 1948 నాటికి ఎలక్ట్రాను తెలిసినది. జె.జె. థామ్సన్ 1897లో కనుగొనినది అది. దాని ద్రవ్యరాశి ప్రోటానులో సుమారు 1836వ వంతు. "సన్ననిది" అను పేరు దానికి చక్కగా సరిపోవును. 1936లో అంతరిక్ష కిరణములలో బయటపడిన మ్యువాన్ ఎలక్ట్రాను కంటె 207 రెట్లు బరువు, అయినను ప్రోటాను కంటె తేలిక. ఆ తరువాత మార్టిన్ పెర్ల్ బృందము అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో 1974 నుండి 1977 వరకు చేసిన ప్రయోగములలో టౌ అను మూడవ లెప్టాన్ దొరికినది. గ్రీకులో "మూడవది" అను మాట మొదటి అక్షరమునుబట్టి దానికి ఆ పేరు. ఇది ప్రోటానుకు ఇంచుమించు రెండింతల బరువు! పేరు "సన్ననిది", మనిషి బండవాడు. మన ఊళ్లలో చిన్నయ్య అను పేరుగల ఆరడుగుల మనిషి వంటిది. పెర్ల్‌కు 1995లో నోబెల్ బహుమానము వచ్చినది, లెప్టాన్ అను పేరు మాత్రము మారలేదు. ఇప్పుడు శాస్త్రజ్ఞులు లెప్టాన్ అనునప్పుడు బరువును తలంచరు. కేంద్రకమును కట్టిపట్టు బలమైన శక్తికి లోబడని మూలకణమని తలంతురు. ఎలక్ట్రాను, మ్యువాన్, టౌ, వాటికి తోడుగా ఒక్కొక్కదానికి ఒక్కొక్క న్యూట్రినో, కలిపి 6.

న్యూట్రినోల విషయములో మన ప్రాంతమునకు దగ్గర సంబంధమొకటి ఉన్నది. సూర్యునినుండి వచ్చు న్యూట్రినోలు భూమిమీద ప్రతి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు సుమారు 6,500 కోట్లు దాటిపోవుచున్నవి, దేనినీ తాకకుండ. మన చిత్తూరు జిల్లా సరిహద్దునకు దగ్గరగానున్న కోలారు బంగారు గనులలో భూమికి 2 కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణములో పుట్టిన న్యూట్రినోల జాడను 1965లో కనిపెట్టినారు. కాసు బంగారము కొరకు త్రవ్విన గోతిలో లెప్టాన్ దొరికినదన్నమాట. ఇది ప్రసంగమునకు పనికివచ్చునా అని మమ్మును అడుగవద్దు.

ఒక మాట పుట్టుకనుబట్టి దాని నేటి అర్థమును నిర్ణయించుట ఎంత ప్రమాదమో టౌ లెప్టాన్ చూపుచున్నది. జేమ్స్ బార్ 1961లో ప్రచురించిన గ్రంథములో బైబిలు పండితులు చేయుచున్న ఈ తప్పును గట్టిగా ఎత్తిచూపినాడు. మన పుల్పిటులో దీనికి అందరికంటె పెద్ద ఉదాహరణ రోమా 1:16. సువార్త దేవుని శక్తి అనుచోట గ్రీకు మాట దునామిస్. దానినుండి డైనమైటు వచ్చినది గనుక సువార్త డైనమైటు వంటిదని ఎన్ని సభలలో వినలేదు! ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైటుకు ఆ పేరు పెట్టినది 1867లో. పౌలు ఎదుట ప్రేలుడు మందు లేదు. ఆయన ఎదుట ఉన్నది ఖాళీ సమాధి. వెనుక పుట్టిన మాటను ముందు వ్రాసిన వాక్యములోనికి తీసికొనిపోరాదు. లెప్టాన్ విషయములోను అంతే. మార్కు వ్రాసినప్పుడు కణము లేదు, రోసెన్‌ఫెల్డ్ వ్రాసినప్పుడు విధవరాలు ఆయన తలంపులో ఉన్నట్లు ఆయన వ్రాతలో లేదు.

మూడు నాణెములు, ఒకే కాసు

ఇప్పుడు ఆ స్త్రీ అడిగిన ప్రశ్నకు వత్తము. ఇదే మాకు ముఖ్యము.

క్రొత్త నిబంధనలో లెప్తొన్ 3 చోట్ల మాత్రమే ఉన్నది: మార్కు 12:42, లూకా 12:59, లూకా 21:2. మార్కు ఆ మాట వ్రాసి ఊరుకొనలేదు. రెండు లెప్తాలు కలిసి ఒక కొద్రాంతేసు అని తన పాఠకులకు విప్పి చెప్పినాడు. కొద్రాంతేసు రోమా నాణెము, లాటినులో దానికి "నాలుగవ వంతు" అని అర్థము. దేనిలో నాలుగవ వంతు? అస్సారియోన్ అను రాగి నాణెములో. రోమా లెక్కలో 16 అస్సారియోన్లు ఒక దేనారము. దేనారము దినకూలి అని మత్తయి 20:2 వలన తెలియుచున్నది. కాబట్టి దేనారమునకు 64 కొద్రాంతేసులు, 128 లెప్తాలు. యూదుల లెక్క కూడ దీనికి సరిపోవుచున్నది. మిష్నాలో కిద్దుషీన్ 1:1 పెరూటా అను చిన్న నాణెమును ఇస్సారులో, అనగా అస్సారియోన్‌లో, ఎనిమిదవ వంతుగా చెప్పుచున్నది. యూదయలో చెల్లిన పెరూటాలు చాలవరకు క్రీ.పూ. 103-76 మధ్య ఏలిన అలెగ్జాండర్ యన్నయి అను హస్మోనీయ రాజు వేయించినవి, ఆ తరువాత చాలకాలము చేతులు మారినవి. త్రవ్వకములలో విరివిగా దొరకుచున్నవి. ఒక ప్రక్క లంగరు, మరియొక ప్రక్క నక్షత్రము. చాల నాణెములు ఒక గ్రాము అటు ఇటుగా తూగును. అచ్చు సరిగా పడక, అంచులు విరిగి, పేరునకు తగినట్లే సన్ననివి.

ఇప్పుడు మన తెలుగు బైబిలు తెరచి చూడుడి. మత్తయి 10:29లో రెండు పిచ్చుకల వెల ఒక అస్సారియోన్, తెలుగులో కాసు. మత్తయి 5:26లో చెరసాలలో చెల్లింపవలసిన చివరి కొద్రాంతేసు, తెలుగులో కాసు. లూకా 21:2లో విధవరాలి లెప్తొన్, తెలుగులో కాసు. ఒకదానికొకటి 4 రెట్లు, 8 రెట్లు తేడాగల మూడు నాణెములు మన భాషలో ఒకే నాణెమైనవి.

దీనివలన జరుగు నష్టము లూకా సువార్తలోనే కనబడును. లూకా 12:6లో ఐదు పిచ్చుకల వెల రెండు కాసులు. లూకా 21:2లో విధవరాలు వేసినది రెండు కాసులు. తెలుగు మాత్రమే చదువువాడు ఏమనుకొనును? ఆమె చేతిలో ఐదు పిచ్చుకల వెల ఉన్నదనుకొనును. ఆ పూటకు ఇంటిల్లిపాదికి కూర. గ్రీకులో ఐదు పిచ్చుకల వెల 16 లెప్తాలు. ఆమె చేతిలో ఉన్నవి 2. మత్తయి చెప్పిన ధరలో ఒక పిచ్చుక 4 లెప్తాలు. అనగా ఆమె ఆస్తి అంతయు కలిపి అర పిచ్చుక. లూకా ధరలో బేరము కొంచెము నయమే గాని, దానిలోను ఒక పిచ్చుక పూర్తిగా రాదు. అంగడిలో అమ్ము మాంసములో ఇంతకంటె చవుకైనది మరేదియు సువార్తలలో చెప్పబడలేదు.

నేటి రూపాయలలో చెప్పుమని విద్యార్థులు అడుగుదురు. దినకూలి 640 రూపాయలనుకొనిన, ఆమె రెండు లెప్తాల విలువ 10 రూపాయలు. ఇది కూలి లెక్కయే గాని కొనుగోలు లెక్క కాదు గనుక ఉజ్జాయింపుగా మాత్రమే తీసికొనవలెను. మా మట్టుకు రూపాయల కంటె పిచ్చుకల లెక్కయే నమ్మకమైనది. అది ప్రభువు నోటిలోనిది.

మన అనువాదకులను నిందించుటకు ఇది వ్రాయుట లేదు. కాసు ఒకప్పుడు నిజముగా చిన్న నాణెమే. 19వ శతాబ్దపు మొదటి సంవత్సరములలో చెన్నపట్నపు రాజధానిలో 80 కాసులు ఒక ఫణము, 42 ఫణములు ఒక పగోడా. బంగారు పగోడాలో 3,360వ వంతు కాసు. ఈస్టిండియా కంపెనీ 10 కాసుల, 20 కాసుల రాగి నాణెములు 1803లోను 1808లోను వేయించినది. చేతిలో చిల్లికాసు లేదని మనము నేటికిని అనుమాట ఆ కాలపు జ్ఞాపకమే. ఆనాటి వినికిడిలో విధవరాలి రెండు కాసులు సరియైన మాటలే. తరువాత రాగి కాసు పోయినది, మెడలోని కాసులపేరు నిలిచినది, తూకపు కాసు నిలిచినది. మాట అట్లే ఉండగా దాని క్రింద బరువు మారినది. టౌ లెప్టాన్‌కు జరిగినదే ఇక్కడను జరిగినది. దమ్మిడీ అందమన్నను నేటి పిల్లలకు తెలియదు. పైసలు అందమన్నను 25 పైసలు, అంతకంటె తక్కువ నాణెములు 2011 జూన్ 30 తరువాత చెల్లుట లేదు. ఇంత చిన్న నాణెము ఇప్పుడు మన చేతులలో లేదు గనుక, "రెండు చిన్న రాగి నాణెములు" అని విప్పి చెప్పుట మంచిదని మా అభిప్రాయము.

కానుకపెట్టె యెదుట

లెక్క తేలిన తరువాత వాక్యభాగము మరియొక విధముగా వినబడును. దేవాలయములో కొమ్ము ఆకారముగల పెట్టెలు 13 ఉండెనని మిష్నా షెకాలీమ్ 6:5 చెప్పుచున్నది. ధనవంతుల నాణెములు వాటిలో మోగెననియు, ఆమెవి మోగలేదనియు మనము చెప్పునది ప్రసంగీకుల ఊహ, మార్కు వ్రాయలేదు. మార్కు వ్రాసినది వేరు. ఈ సంఘటనకు ముందు వచనములోనే, 12:40లో, విధవరాండ్ర ఇండ్లు మ్రింగు శాస్త్రులను ప్రభువు ఖండించినాడు. దీని తరువాత వచనములలోనే, 13:1-2లో, ఆ దేవాలయము రాయిమీద రాయి నిలువక పడిపోవునని చెప్పినాడు. అడిసన్ రైట్ అను పండితుడు 1982లో ఈ సందర్భమునుబట్టి ఒక ప్రశ్న వేసినాడు: ప్రభువు ఆమెను మెచ్చుకొనుచున్నాడా, ఆమె దుస్థితికి దుఃఖించుచున్నాడా? ఆ వ్యాసములోని వాదమంతటితో మేము ఏకీభవింపము. శిష్యులను పిలిచి మరీ ఆమెను చూపినవాడు ఆమె విశ్వాసమును తక్కువ చేయలేదు. అయినను ఒకటి ఒప్పుకొనక తప్పదు. మీరును వెళ్లి ఆలాగు చేయుడి అని ఆయన ఎవరికిని చెప్పలేదు. ధనవంతులకును చెప్పలేదు, ఇతర విధవరాండ్రకు అసలే చెప్పలేదు.

ఇది పండితుల చర్చ మాత్రమే అయితే ఇంత వ్రాయకపోదుము. ఒక ఉజ్జీవ సభలో ఒక ప్రసంగీకుడు ఈ వాక్యము చదివి, ఆ వారమే పింఛను తీసికొనిన వృద్ధ స్త్రీలను వేదిక ముందుకు పిలిచి, "జీవనమంతయు" అను మాటను పదే పదే పలుకుచు, కొంగున కట్టుకొనిన పింఛను మొత్తమును కానుకగా వేయించుట మేము కన్నులార చూచితిమి. మేమును వేదికమీదనే కూర్చుండియుంటిమి. లేచి ఏమియు అనలేదు. ఆ పల్లెములలో పడిన సొమ్మును ఎంచినవారిలో మాకు తెలిసినవారు ఉన్నారు. మార్కు 12:40ని 12:42నుండి వేరు చేసి చదివిన ఎడల ఏమి జరుగునో ఆ రాత్రి మాకు అర్థమైనది.

మన సంఘములలో స్త్రీలు పొయ్యిమీద ఎసరు పెట్టిన ప్రతిసారి పిడికెడు బియ్యము తీసి వేరుగా ఉంచి ఆదివారము తెచ్చుదురు. ఆ పిడికెడు ఎవరును వారిని అడిగి తీసికొనునది కాదు, అడుగువారు ఇంట లేనప్పుడు వారు తీసినది. విధవరాలి వద్దకు కూడ ఎవరును పెట్టె పట్టుకొని వెళ్లలేదు. ఆమె రెండు నాణెములతో వచ్చినది. ఒకటి దాచుకొనవచ్చును, దాచుకొనలేదు. గ్రీకులో మార్కు ఆమె వేసినదానికి వాడిన చివరి మాట బియోస్. ప్రాణమని కాదు, బ్రతుకుదెరువు అని ఇక్కడ దాని అర్థము.

మరుసటి సంవత్సరము ఆ గ్రామమునకు తిరిగి వెళ్లినప్పుడు ఆ స్త్రీని వెదకి, కాసు బంగారము కాదనియు, ఆమె వేసినది అర పిచ్చుక వెల అనియు చెప్పితిమి. ఆమె కొంతసేపు ఆలోచించినది.

"అర పిచ్చుక ఎవరమ్ముతారండీ?" అన్నది. "ఆ డబ్బులు పట్టుకుని అంగడికెళ్తే ఏదీ రాదు. ఉత్త చేతుల్తోనే ఇంటికి రావాల. గుడికెళ్తేనే ఆటిని తీసుకునేవాళ్లున్నారు."

తరువాత మేము ఆ వాక్యము చెప్పిన ప్రతి చోట మొదట మత్తయి 10:29 చదివించి, పిచ్చుకల లెక్క చెప్పి, ఆ తరువాతనే మార్కు 12:40 నుండి చదువుచున్నాము. ఆ ఆదివారము కానుక పట్టుట వాక్యమునకు ముందే ముగించుచున్నాము.